ఎవరి పేపరో తెలిసిన పేపరే మేలంటాను. కాదనేవాళ్లు చెప్పండి

సూర్యలంక:

మాది బాపట్ల. తాంబరం దగ్గర బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నా. మా బ్యాచ్‌లో తెలుగువాళ్లం బాగానే ఉన్నాం. వార్తల మాట ఎత్తితే చాలు, "అంతా అమ్ముడుపోయిన మీడియా, నేనసలు చూడను" అంటారు. ఆ చూడనివాళ్లే అర్ధరాత్రి దాకా యూట్యూబ్‌లో పొలిటికల్ ఇంటర్వ్యూలు చూస్తూ కూర్చుంటారు, అది వేరే కథ.

నేను మాత్రం చూస్తాను. పొద్దున మెస్‌లో ప్లేటు ముందు పెట్టుకుని ఫోన్‌లో ఈనాడు, సాక్షి ఈ-పేపర్లు రెండూ తెరుస్తా. రెండింట్లోనూ మొదటి పేజీ, తర్వాత బాపట్ల జిల్లా పేజీలు. మా ఊళ్లో ఎమ్మెల్యే ఎవరి పెళ్లికి వెళ్లాడో కూడా నాకు తెలిసిపోతుంది. కామన్ రూమ్‌కి ది హిందూ వస్తుంది, సాయంత్రం దాకా ఎవరూ పట్టుకుపోకపోతే చెన్నై పేజీలు తిరగేస్తా. టీవీ డిబేట్ల జోలికి పోను. నలుగురు ఒకేసారి అరుస్తుంటే ఎవరి మాట వినాలి?

ఇప్పుడు నా వాదన. ఎటూ మొగ్గని పేపర్ ఒకటి ఎక్కడో ఉంటుందని వెతకడం నేను మానేశాను. సాక్షిని 2008లో మొదలుపెట్టింది జగన్మోహన్ రెడ్డి అని అందరికీ తెలుసు. 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టినప్పుడు ఈనాడు ఎటు నిలబడిందో మా తాతయ్య ఇప్పటికీ చెప్తాడు. వైఎస్ రాజశేఖర రెడ్డి అయితే ఈనాడు, ఆంధ్రజ్యోతి పేర్లు ఎత్తకుండా "ఆ రెండు పత్రికలు" అంటే చాలు, సభలో అందరికీ అర్థమయ్యేదట. ఎవరి పేపరో తెలిస్తే ఎక్కడ జాగ్రత్తపడాలో తెలుస్తుంది. "మేం ఎటూ కాదు" అని చెప్పుకునేవాళ్లతోనే నాకు భయం.

నేను చదివే తీరు కూడా చెప్తా. తనవాళ్లకు ఇబ్బందయ్యే సంగతి తన పేపరే రాసిందంటే అది జరిగే ఉంటుంది, దాన్ని నమ్ముతా. ఎదుటివాళ్ల మీద రాసిందాన్ని సగం తీసేసి చదువుతా.

ఉదాహరణకు తిరుమల లడ్డూ గొడవ. 2024 సెప్టెంబరు 18న, గత ప్రభుత్వ హయాంలో లడ్డూ నెయ్యిలో జంతువుల కొవ్వు కలిసిందని ముఖ్యమంత్రి చంద్రబాబు అన్నారు. మర్నాటికల్లా గుజరాత్‌లోని ఆనంద్‌లో ఉన్న ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి బోర్డు) ల్యాబ్ రిపోర్టు బయటికొచ్చింది. ఆ నెయ్యి పంపిన డెయిరీ తమిళనాడులోని డిండిగల్‌ది. మా ఫ్లోర్‌లో ఒక డిండిగల్ అమ్మాయి ఉంది, "మీ గొడవలోకి మా ఊరిని ఎందుకు లాగుతున్నారు" అని నన్ను పట్టుకుంది, నేనేదో నెయ్యి కొన్నట్టు. ఇద్దరం కూర్చుని ఆ రిపోర్టు పేజీలు చదివాం. ఎస్-విలువలు (నెయ్యిలో వేరే కొవ్వు కలిసిందో లేదో పట్టే లెక్కలు) హద్దు దాటాయనీ, అన్య కొవ్వులు కలిసి ఉండొచ్చనీ ఒక జాబితా ఉంది. అందులో పామాయిల్, చేపనూనె, పశువుల కొవ్వు, పంది కొవ్వు అన్నీ ఉన్నాయి. అదే రిపోర్టులో ఒక నోట్ కూడా ఉంది: ఆవులకు మేత బాగా తక్కువైనా, వంటనూనెల దాణా మరీ ఎక్కువ పెట్టినా ఇలాంటి ఫలితం తప్పుగానూ రావచ్చు అని.

ఆ వారం ఒక వైపు మీడియాలో జాబితా పెద్దక్షరాల్లో కనిపించింది, ఇంకో వైపు నోట్ పెద్దక్షరాల్లో కనిపించింది. రెండూ చూసినదాన్ని కాబట్టి నాకు రిపోర్టు మొత్తం దొరికింది. ఒక్కటే చదివే మా నాన్నకు సగమే దొరికింది. (దేవుళ్లను రాజకీయాలకు దూరంగా ఉంచండని సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు అనడం, అక్టోబరు 4న అయిదుగురితో సిట్ వేయడం అందరికీ గుర్తుండే ఉంటుంది. తప్పెవరిదన్న చర్చ ఇక్కడ వద్దు, నేనడిగేది చదవడం గురించి.)

ఇందులో తప్పేముందో చెప్పండి.

ఓఎంఆర్ బ్యాచిలర్:

ఇంత కష్టం అవసరమా చెల్లెమ్మా? నేను 2024 జూన్ 4 నుంచి వార్తలు మానేశాను. అంతకుముందు మా ఫ్లాట్‌లో అందరూ ఎగ్జిట్ పోల్స్ పట్టుకుని బిర్యానీ పందేలు కాశారు. ఒక సర్వే వైసీపీ మళ్లీ వస్తుందంటే ఆ వైపువాళ్లు దాన్నే పదిసార్లు చూశారు, ఇంకో సర్వే కూటమి అంటే వీళ్లు దాన్నే షేర్ చేశారు. ఫలితం వచ్చేసరికి 175లో వైసీపీకి 11. ఓడినవాడు బిర్యానీ పెట్టలేదు, ఈవీఎంలు అన్నాడు. అప్పుడే అనుకున్నా, మనం చూసేది వార్త కాదు, మనకు కావాల్సింది చెప్పేవాణ్ని అని. అవసరమైన వార్త ఎలాగూ చెవిన పడుతుంది. పెట్రోల్ రేటు పెరిగితే బంకులో తెలుస్తుంది.

సూర్యలంక:

అన్నా, 2023 డిసెంబరులో మీరు చెన్నైలోనే ఉన్నారా? మిగ్‌జాం తుపానుకు 4వ తేదీన వేళచ్చేరి, పళ్లికరణై మునిగాయి. 5న అదే తుపాను మా బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పుడు నేను ఫస్టియర్. తమిళ ఛానెల్ పెడితే వేళచ్చేరి తప్ప ఇంకేమీ లేదు, తెలుగు ఛానెల్ పెడితే సముద్రం ఒడ్డున రెయిన్‌కోటు వేసుకున్న రిపోర్టరే. మా నాన్నకు చెన్నై గురించి ఒక్క ముక్క తెలియడం లేదు, నాకు కరెంటు లేదు, ఫోన్లో ఛార్జింగ్ అడుగంటింది. అమ్మ గొంతు వినేసరికి మర్నాడు సాయంత్రమైంది. అవసరమైన వార్త చెవిన పడుతుందంటున్నారు. ఆ రెండు రోజులు మా ఇంట్లో ఎవరి చెవిన పడింది?

ఎవరి వ్యూయర్లు ఎక్కడుంటే వాళ్ల తుపాను అక్కడే ఉంటుంది. ఇదీ ఒక రకం పక్షపాతమే, దీనికి ఏ పార్టీతోనూ సంబంధం లేదు. నేను రెండు భాషల పేపర్లు చూడ్డం అప్పుడే మొదలుపెట్టాను.

నిప్పు కణిక:

ఎల్లో మీడియా చదివి నీతులు చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు ఇక్కడ. నలభై ఏళ్లుగా ఒకే కుటుంబానికి బాకా ఊదినవాళ్ల పేపర్ అది.

పక్కా నెల్లూరు:

నీలి మీడియా సంగతి కూడా చెప్పు మరి. నాయకుడి సొంత పేపర్‌కే బాకా అవసరం లేదు కదా, అదే నోరు.

నిర్వాహకుడు:

ఇద్దరూ ఆపండి. రంగుల గొడవకు వేరే గది ఉంది. ఇక్కడ మళ్లీ మొదలుపెడితే పోస్టులు తీసేస్తాను.

మాజీ సబ్ఎడిటర్:

నేనొక తెలుగు దినపత్రిక డెస్క్‌లో చాలా ఏళ్లు పనిచేసి బయటికొచ్చాను. ఇప్పుడు సైదాపేటలో ఉంటూ అనువాదాలు చేసుకుంటున్నాను. ఏ పత్రికో అడగొద్దు, చెప్పను.

అమ్మా, మీ పద్ధతి మొదటి పేజీకి పనికొస్తుంది. అక్కడి మొగ్గు మీకే కాదు, మా ఆఫీసులో టీ ఇచ్చే కుర్రాడికీ తెలుసు. నేను చెప్పేది మీరు ఇష్టంగా చదువుతున్న జిల్లా పేజీల గురించి. 1989లో ఈనాడు జిల్లా టాబ్లాయిడ్లు మొదలుపెట్టింది, తర్వాత అందరూ అదే దారి పట్టారు. మండలానికొక విలేకరి ఉంటే తప్ప ఆ పేజీలు నిండవు. ఆ విలేకరికి జీతం ఉండదు. రాసిన వార్తల కొలతను బట్టి ఇచ్చేదాన్ని లైన్ అకౌంట్ అంటారు. నెలంతా తిరిగితే పెట్రోల్‌కి కూడా చాలని లైన్ అకౌంట్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. దానికి తోడు యాడ్స్ టార్గెట్. సంక్రాంతికి ఇంత, ఆగస్టు 15కి ఇంత, ఎమ్మెల్యే పుట్టినరోజుకు ఇంత. ఇసుక లారీల మీద వార్త రాయాల్సిన మనిషే, ఆ ఇసుక కాంట్రాక్టర్ దగ్గరికి వెళ్లి శుభాకాంక్షల యాడ్ అడగాలి. అక్కడ వార్త రాయకపోవడమే అతని బతుకుతెరువు. రాయని వార్తను మీరు ఏ రెండు పేపర్లు పక్కపక్కన పెట్టి పట్టుకుంటారు?

ఇక ఎన్నికలప్పుడు. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని వార్తల రూపంలో ప్రచారం వేశారన్న గొడవ దేశమంతా నడిచింది. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఉపసంఘం వేసింది, అందులో ఒకరు మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి గారు. 2010లో వాళ్లు పేర్లతో సహా నివేదిక ఇస్తే కౌన్సిల్ క్లుప్తంగా ఒకటి విడుదల చేసి సరిపెట్టింది. పూర్తిది బయటికి రావడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ చెప్పాల్సొచ్చింది. పత్రికల మీద ఫిర్యాదులు వినే సంస్థే ఆ పని చేసింది. పైగా దానికి మందలించడం తప్ప శిక్షించే అధికారం లేదు, టీవీ ఛానెళ్లు అసలు దాని పరిధిలోకే రావు.

సర్కారు డబ్బు సంగతీ అంతే. 2022లో ఏపీలో గ్రామ, వార్డు వాలంటీర్లకు పేపర్ కొనుక్కోమని నెలకు 200 రూపాయలు ఇస్తూ జీవో ఇచ్చారు. ఇది ఎవరి పేపర్ అమ్మకాల కోసమో అంటూ ఈనాడు యాజమాన్యం కోర్టుకెక్కింది. ఏ ప్రభుత్వం వచ్చినా యాడ్స్ ఎటు పారతాయో లెక్క ఉంటుంది, అది ఒక్క పార్టీ గుణం కాదు.

పాత మద్రాసు:

అమ్మాయి మాటలో కొత్తేమీ లేదు, అది మెచ్చుకోలుగానే అంటున్నా. నేను పెరంబూర్‌లో పుట్టి పెరిగినవాణ్ని. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆంధ్రపత్రికను 1908లో బొంబాయిలో వారపత్రికగా పెట్టి, 1914లో ఈ ఊరికి తెచ్చి దినపత్రిక చేశారు. వెనకున్నది అమృతాంజనం డబ్బు. ఆయన కాంగ్రెస్ మనిషి, ఆంధ్రోద్యమం మనిషి. 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నది మైలాపూర్‌లో ఆయన ఇంట్లోనే. పత్రికాధిపతి ఇంట్లోనే రాజకీయ ఒప్పందం! ఇవాళైతే మీరంతా ఎన్ని మీమ్స్ చేసేవారో. ఆ పత్రికను మా పెద్దలు ఎటూ మొగ్గదని కొనలేదు, మనది అని కొన్నారు.

అయితే ఒక పోటు కూడా పొడుస్తా. "తనవాళ్లకు ఇబ్బందయ్యే సంగతి తన పేపరే రాస్తే నమ్ముతా" అన్నావు కదమ్మా. 2007 మేలో దినకరన్ పత్రిక ఒక సర్వే వేసింది, కరుణానిధి తర్వాత వారసుడెవరని జనం అనుకుంటున్నారో. ఆ పత్రిక మారన్‌లది, అంటే కరుణానిధి బంధువులదే. 9వ తేదీన మదురైలో ఆ పత్రిక ఆఫీసు మీద దాడి జరిగి ముగ్గురు ఉద్యోగులు చనిపోయారు. అదే ఏడాది కరుణానిధి వైపు నుంచి వేరుగా కలైంజర్ టీవీ వచ్చింది, కలైంజర్ అన్నది ఆయన బిరుదే. సొంతవాళ్ల గురించి రాస్తే ఏమవుతుందో చూసిన పత్రికల్లో, అలాంటి వార్త నీకు ఎన్నాళ్లకొకటి దొరుకుతుంది?

ఇక్కడ మాత్రం ఒక సుఖం ఉంది. జయ టీవీ, కలైంజర్ టీవీ అని పేర్లలోనే ఉంది ఎవరిదో. ఆటోవాణ్ని అడిగినా చెప్తాడు.

రీల్స్ రాజా:

మీరంతా ఇంకా పేపర్ల దగ్గరే ఉన్నారా? యూట్యూబ్‌లో ఇండిపెండెంట్ జర్నలిస్టులు ఉన్నారు. ఓనర్ లేడు, యాడ్స్ టార్గెట్ లేదు, మొహం మీద అడిగేస్తారు. నేను అవే చూస్తా.

సూర్యలంక:

మొన్న సెమ్ హాలిడేస్ ముందు నేనూ మా రూమ్మేటూ ఒక పని చేశాం. తనది కడప. ఇద్దరి ఫోన్లూ మంచం మీద పక్కపక్కన పెట్టి యూట్యూబ్ హోమ్ పేజీ తెరిచాం. నా దాంట్లో అమరావతి డ్రోన్ వీడియోలు, కాంక్రీటు పోస్తున్న మిక్సర్లు, 2025 మే 2న మోదీ వచ్చి పనులు మళ్లీ మొదలుపెట్టిన సభ. తన దాంట్లో వర్షానికి అమరావతిలో నిలిచిన నీళ్లు, అప్పుల లెక్కలు, ఎర్ర బాణం గుర్తు పెట్టిన థంబ్‌నెయిళ్లు. ఒకే ఊరు. నేను ఎప్పుడో మా బాబాయ్ పంపిన నాలుగు లింకులు నొక్కాను, తను వాళ్ల అన్నయ్య పంపినవి నొక్కింది, అంతే తేడా. ఓనర్ లేడంటున్నావు కదా రాజా, ఉన్నాడు. నీ వేలు ఎక్కడ ఆగితే అదే ఇంకా పెట్టేవాడు. పేపర్ అయితే మా నాన్నకూ మీ నాన్నకూ ఒకే మొదటి పేజీ వేస్తుంది. తిట్టుకోవడానికైనా ఇద్దరూ ఒకటే చదువుతారు.

ఇండిపెండెంట్ అంటే నిజం అనుకోవద్దు. 2023 మార్చిలో తమిళనాడులో బీహార్ కూలీలను చంపుతున్నారని వీడియోలు తిరిగాయి. అవి ఫేక్ అని ఇక్కడి పోలీసులు మొత్తుకున్నారు, ఉత్తరాదిలో ఒక యూట్యూబర్ అరెస్టయ్యాడు కూడా. వీడియోలు పెట్టినవాళ్లకు వ్యూస్ వచ్చాయి. భయపడి రైలెక్కింది మాత్రం కూలీలు.

ఓఎంఆర్ బ్యాచిలర్:

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లని వాట్సాప్‌లో తిరిగిందే, అది మరీ ఘోరం. బెంగళూరు చామరాజపేటలో ఒక రాజస్థాన్ కుర్రాణ్ని కొట్టి చంపేశారు. అప్పుడు గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి గారు పోలీసుల్ని, కళాకారుల్ని ఊళ్లకు పంపి డప్పు వేయించి పాటలతో చెప్పించారు, ఆ మెసేజీలు నమ్మొద్దని. అక్కడ ప్రాణాలు పోలేదు. వాట్సాప్ అయిదుగురికి మించి ఫార్వర్డ్ చేయకుండా ఆపింది ఆ తర్వాతే. (వార్తలు మానేసినవాడికి ఇవన్నీ ఎలా తెలుసని అడగొద్దు. ఇవి మానేయకముందువి.)

బెజవాడ బ్యాచ్:

సూర్యలంక గారూ, నాకు ఒకటే ప్రశ్న. మీరు ఇంటర్ ఎక్కడ చదివారో తెలీదు, నేను విజయవాడలో ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో చదివాను.

ఫలితాల మర్నాడు పేపర్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. మొదటి పేజీ ఎక్కడుందో వెతుక్కోవాలి. పైన ఒక పేజీ నిండా పాస్‌పోర్ట్ ఫొటోలు, తిప్పితే ఇంకో కాలేజీ ఫొటోలు. ఒకటి ఒకటి ఒకటి అని టీవీలో అరిచేది కూడా అదే రోజు. మా హాస్టల్లో సెకండియర్‌లో ఉండగా ఒకమ్మాయి చనిపోయింది. నేను ఎక్కువ చెప్పను. మమ్మల్ని ఆ రాత్రి గదుల్లోంచి బయటికి రానివ్వలేదు, రెండు రోజులకు ఇళ్లకు పంపేశారు. ఇంటికి వెళ్లగానే నేను చేసిన మొదటి పని, పాత పేపర్లు తీసి చూడటం. మీరు చదివే ఆ రెండు పేపర్లే. రెండూ ఒకదాన్నొకటి ప్రతిరోజూ తిట్టుకునేవే. రెండింట్లోనూ జిల్లా పేజీలో కింద మూలన సింగిల్ కాలమ్. "నగరంలోని ఓ ప్రైవేటు కళాశాలలో". చనిపోయిన పిల్ల పేరు ఉంది, తండ్రి పేరు ఉంది, ఊరు పేరు ఉంది. కాలేజీకి పేరు లేదు. అదే పేజీలో పైన, మున్సిపల్ స్కూల్లో గోడ కూలితే స్కూల్ పేరు, హెడ్‌మాస్టర్ పేరు, ఫొటో.

మీరు ఎంత జతగా చదివినా రెండూ ఒకటే దాస్తే ఏం చేస్తారు?

మాజీ సబ్ఎడిటర్:

ఆ వార్త ఎలా తయారవుతుందో నేను చెప్తాను. ఓనర్ ఫోన్ చేస్తాడనీ, కాలేజీవాళ్లు డబ్బు సంచీ పంపుతారనీ అనుకుంటారు జనం. అలాంటివేమీ నా ఎదుట జరగలేదు. విలేకరి కాపీలో కాలేజీ పేరు ఉండేది. డెస్క్‌లో కూర్చున్న మాకు ఎవరూ ఏమీ చెప్పరు. ఫలితాల సీజన్‌లో ఎన్ని పేజీల యాడ్స్ వస్తాయో మాకు తెలుసు, ఆ నెల జీతాలు సమయానికి పడతాయనీ తెలుసు. పేరు కొట్టేసి "ఓ" రాస్తాం. కొత్తగా చేరిన కుర్రాడు కొట్టేయకపోతే పక్కనున్న సీనియర్ వంగి చూసి కొట్టేస్తాడు, మాట్లాడకుండా. నాకు అలాగే వచ్చింది, నా తర్వాతివాళ్లకు నా దగ్గర్నుంచి వెళ్లింది.

పార్టీ విషయంలో కనీసం మీటింగులో చెప్పేవారు, ఈ లైన్లో వెళ్లండి అని. ఇక్కడ చెప్పేవాడే ఉండడు.

సూర్యలంక:

బెజవాడ బ్యాచ్ గారూ, మీ పోస్టు చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను గుంటూరులో చదివాను. యూనిఫాం రంగు వేరు, అంతే.

జవాబు మాత్రం ఉంది నా దగ్గర. మా హాస్టల్ బయట టీ కొట్టులో ప్రజాశక్తి వేసేవారు. కాలేజీల ఫీజుల మీద, హాస్టళ్ల మీద పేర్లు పెట్టి రాసిన వార్తలు నేను చూసింది అందులోనే. విద్యార్థి సంఘాలవాళ్లు గేటు ముందు ధర్నా చేస్తే ఫొటో వచ్చేదీ అందులోనే. అది 1981 నుంచి సీపీఎం దినపత్రిక, దాచుకున్నది లేదు. విశాలాంధ్ర 1952 నుంచి సీపీఐది. ఆ ఫుల్ పేజీ ర్యాంకుల యాడ్స్ వాళ్లకు అంతగా రావు, కాబట్టి పేరు కొట్టేయాల్సిన అవసరమూ లేదు. అంటే మళ్లీ పార్టీ పేపరే పనికొచ్చింది.

అందుకే నేను మొదట చెప్పినదాన్ని వెనక్కి తీసుకోవడం లేదు, ఇంకా గట్టిగా చెప్తున్నా. పార్టీ మొగ్గును నేను పసిగట్టగలను. యాడ్ ఇచ్చేవాడి మొగ్గు కనిపించదు, ఎందుకంటే రెండు పార్టీల పేపర్లకూ యాడ్ ఇచ్చేవాడు ఒక్కడే. మనం మాత్రం కనిపించే దాని మీదే రోజంతా కొట్టుకుంటున్నాం, ఎల్లో, నీలి అనుకుంటూ. సబ్ఎడిటర్ గారు చెప్పిన ఇసుక కాంట్రాక్టర్ కూడా అంతే కదా, ప్రభుత్వం మారితే కండువా మారుస్తాడు, యాడ్ మారదు.

పాత మద్రాసు గారూ, దినకరన్ సంగతి నాకు తెలీదు, తెలిశాక ఒళ్లు జలదరించింది. మీరన్నది నిజమే, సొంతవాళ్ల గురించి రాసే వార్త అరుదు. అరుదు కాబట్టే వచ్చినప్పుడు నమ్ముతానంటున్నా.

మాజీ సబ్ఎడిటర్:

బాగుంది. కానీ ప్రజాశక్తి దగ్గర ఆగిపోకండి. 2007 మార్చి 14న బెంగాల్‌లో నందిగ్రామ్‌లో భూసేకరణ గొడవలో పోలీసు కాల్పులకు 14 మంది రైతులు, కూలీలు చనిపోయారు. అప్పుడక్కడ ప్రభుత్వం సీపీఎంది. ఆ రోజుల్లో పార్టీ పత్రికలు పార్టీ మాటే చెప్పాయి. మీకు కాలేజీ పేరు చెప్పిన పేపర్, అక్కడి రైతుల గురించి ఏం చెప్పి ఉండేదో ఆలోచించండి. భూమి పోయేవాడికి యాడ్స్ రాని పేపర్ అండగా ఉంటుందని మీ లెక్క. ఆ లెక్క అక్కడ తప్పింది కదా.

సూర్యలంక:

అప్పుడు నాకు మూడేళ్లు సార్. ఆ వారం పేపర్లు ఎవరి దగ్గరైనా ఉంటే స్కాన్ పెట్టండి, చదివి మాట్లాడతాను. నందిగ్రామ్ వార్త కోసం నేను ఆ పార్టీకి పడనివాళ్ల పేపర్ చదివేదాన్నేమో. హాస్టల్ వార్తకు ఆ పడనివాళ్లు ఎవరో చెప్పండి ముందు. రెండు వైపులా ఒక్కరూ లేరు, నాకు తేడా కనిపించేది అక్కడే.

రేపు ల్యాబ్ ఇంటర్నల్ ఉంది, ఎల్లుండి వస్తా.

నిప్పు కణిక:

అంటే మొత్తానికి ఎల్లో మీడియానే చదవమంటావు. ముందే చెప్పా.

పాత మద్రాసు:

నాయనా, పైనుంచి మళ్లీ చదువు.